మొగ జరిగిన రోజు

మా ఊళ్లో నన్ను రేడియో అంటారు. మొహం మీద అనరు, నేను అటు తిరగ్గానే అంటారు. చూసింది నోట్లో దాచుకోలేకపోవడం నా జబ్బు. ఒకసారి తిమింగలం కొట్టుకొచ్చిందని ఊరందరినీ ఒడ్డుకి లాక్కెళ్లాను. తీరా చూస్తే అది బోర్లాపడిన పాత పడవ. నాచు పట్టి నల్లగా నిగనిగలాడుతుంటే నా తప్పేముంది? అప్పట్నుంచి నేనేం చెప్పినా జనం ముందు నవ్వుతారు, ఓపికుంటే తర్వాత వింటారు.

మాది చిన్న ఊరు. రెండు రాతి గుట్టల మధ్య వంపు తిరిగిన ఒడ్డు, దాని వెంట ఒకటే వీధి. వీధికి ఆ చివర ఐసు షెడ్డు, ఈ చివర వలలు బాగుచేసుకునే మా పాక, మధ్యలో టైలరమ్మ కొట్టు, నలభై యాభై ఇళ్లు. సముద్రం మీంచి పడవ లోపలికి రావాలంటే ఒకే ఒక్క దారి. రాళ్లకీ ఇసుక మేటకీ మధ్య లోతైన సందు ఒకటుంది. దాన్ని మొగ అంటాం.

మొగకి సరిగ్గా ఎదురుగా, ఒడ్డు మీద ఒక చదునైన బండ ఉంది. పొగమంచు కమ్మి కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడని రోజున, పడవలు బయట ఉంటే, ఆడవాళ్లందరం ఆ బండెక్కి డబ్బాలు కొడతాం. పడవల్లో ఉన్నవాళ్లు ఆ చప్పుడుకి ముక్కుసూటిగా వచ్చేస్తారు. సూటిగా వస్తే మొగలోంచి వస్తారు. కాస్త అటూ ఇటూ అయితే ఇక చెప్పక్కర్లేదు.

దీనికో కట్టుబాటు ఉంది. ఆఖరి పడవ ఒడ్డుకి తగిలేదాకా ఎవరూ చెయ్యి ఆపకూడదు. తన మనిషి వచ్చేసినా పక్కింటి మనిషి కోసం కొట్టాలి. ఇక తన మనిషి రాకుండానే చెయ్యి దించిందంటే, ఆ మనిషి మీద ఆశ వదిలేసుకున్నట్టే. చేతులు బొబ్బలెక్కి రక్తం కారినా మా ఊళ్లో అలా దించిన ఆడమనిషి లేదు.

ఆ బండ మీద మా అత్తయ్య మాటే మాట. ఆవిడ దగ్గర ఒక ఇత్తడి బేసినూ, పడవలు చేసేవాళ్లు వాడే కొయ్య సుత్తీ ఉన్నాయి. రెండు దెబ్బలు గబగబా, ఒకటి ఆగి. రెండు గబగబా, ఒకటి ఆగి. అలా ముందు తండ్రి కోసం కొట్టింది, తర్వాత మొగుడి కోసం, ఇప్పుడు కొడుకు కోసం. మావయ్య చివరికి మంచం మీదే పోయాడు. సముద్రం ఆయన్ని ముట్టుకోలేకపోయింది, అదంతా నా బేసిను గొప్పేనంటుంది అత్తయ్య. ఎన్ని డబ్బాలు మోగినా అమ్మ చెయ్యి నాకు విడిగా వినిపిస్తుందని మా ఆయన అంటాడు. నేను పిలిస్తే మాత్రం పక్క గదిలోంచి కూడా వినపడదు.

ఆ వారం పెద్ద గాలివాన వచ్చింది. ముందురోజే వేటకి వెళ్లిన మా నాలుగు పడవలూ దూరంగా ఉన్న దీవి చాటుకి చేరి తలదాచుకున్నాయి. గాలి తగ్గాక మా ఆయన అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. తెల్లారగానే బయల్దేరతాం, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాం అన్నాడు. మూడు రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి అప్పుడు వదిలాను.

మర్నాడు పొద్దున నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడు, ఎరకి గుల్లలు ఏరుకుందామని బుట్ట పట్టుకుని గుట్ట చివరిదాకా వెళ్లాను. మొగ అంచు తెలియడానికి అక్కడొక గుంజ పాతి, దాని తలకి ఎర్ర డబ్బా తగిలించారు. పోటైనా పాటైనా ఆ గుంజ సగం నీళ్లలోనే ఉంటుంది. ఆ రోజు అది ఇసుకలో ఉంది. కింద నుంచి పైదాకా మొత్తం బయటపడి, పొడిగా నిలబడి ఉంది.

బుట్ట కింద పెట్టి చూశాను. గాలివాన ఇసుకనంతా తోసుకొచ్చి మొగలో పోసింది. నీళ్లు వేరే దారి చూసుకున్నాయి. దూరంగా, ఐసు షెడ్డు ఎదురుగా, ఎప్పుడూ అలలు విరిగే చోట నీళ్లు నల్లగా, నిశ్శబ్దంగా లోపలికీ బయటికీ పారుతున్నాయి. నీళ్లు నల్లగా ఉన్నాయంటే లోతున్నట్టు. మొగ పోలేదు, జరిగింది.

బుట్ట అక్కడే వదిలేసి పరిగెత్తాను. దారిలోనే మా ఆయనకి ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. మిగతా మూడు పడవలవాళ్లకీ చేశాను. ఎవరూ అందుబాటులో లేరు. అప్పటికే బయల్దేరిపోయారు, నడి సముద్రంలో సిగ్నల్ ఉండదు.

అత్తయ్య వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఒగరుస్తూనే సంగతి చెప్పాను.

"మొగ జరగడమేంటే?" అంది, చీర కొస దులుపుతూ. "అది మా తాత ముత్తాతల నాటి మొగ. నీకోసం జరుగుతుందా?"

"నా కళ్లతో చూశాను అత్తయ్యా. గుంజ ఇసుకలో ఉంది."

"తిమింగలాన్ని కూడా నీ కళ్లతోనే చూశావు."

నాకు ఒళ్లు మండింది. కానీ నిజానికి అప్పటికింకా భయపడాల్సిన పనిలేదు. ఎండ కాస్తోంది. పడవలవాళ్లకి కళ్లున్నాయి, అలలు విరుగుతుంటే చూసి వాళ్లే దారి మార్చుకుంటారు. అలా నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఉండగానే ఎండ మసకబారింది. ఎదురింటి మెట్లు కనపడలేదు. కాసేపటికి ఎదురిల్లే కనపడలేదు. అత్తయ్య ఆరేసిన బట్టలు అలాగే వదిలేసి, లోపలికెళ్లి బేసిను తెచ్చుకుంది.

వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మంచులోంచి మనుషులు కనపడట్లేదు, నడిచే చప్పుడూ, డబ్బాల చప్పుడూ వినపడుతున్నాయంతే. అందరూ బండ వైపే వెళ్తున్నారు. ఇప్పుడు మేం బండెక్కి కొట్టామంటే, నాలుగు పడవలూ ఆ చప్పుడు పట్టుకుని సూటిగా కొత్త ఇసుక మేట మీదికి వస్తాయి. గాలివాన పోయినా సముద్రం ఇంకా చల్లారలేదు. మేట మీద విరిగే అలలో అడ్డం తిరిగితే పడవ ఒక్క క్షణం నిలవదు. మా మగవాళ్లని మేమే పిలిచి మరీ చంపుకుంటాం.

నేను బండ మొదట్లో చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాను.

"ఎవరూ కొట్టకండి! ఇక్కడ కొడితే మేటెక్కుతారు. ఐసు షెడ్డు దగ్గరికి పదండి!"

ఒక్క క్షణం అందరూ ఆగారు. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. భయంలో వచ్చే నవ్వది, నాకు తెలుసు. అయినా మంటెత్తింది.

"రేడియో మొదలైంది" అని వెనక నుంచి ఓ గొంతు.

"తప్పుకోవే" అంది అత్తయ్య. "వాళ్లు దగ్గరికి వచ్చే వేళయింది."

"తప్పుకోను. పోనీ మీలో ఒక్కరు రండి. ఒక్కరు వచ్చి గుంజ దగ్గర దిగి చూడండి. నేను చెప్పింది అబద్ధమైతే నన్ను ఆ గుంజకే కట్టేయండి."

చివరికి టైలరమ్మ తన డబ్బా పక్కన పెట్టింది. ఆవిడ మొగుడిది రెండో పడవ. టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"నేనొస్తా పద" అంది. "తప్పయితే మాత్రం నీ నోరు నేనే కుట్టేస్తా."

ఇద్దరం చేతులు పట్టుకుని నీళ్లలోకి నడిచాం. అప్పటికి పోటు మొదలైంది. మంచులో ఒడ్డు వెనక్కి వెళ్లిపోయింది, ముందు ఏముందో తెలియదు. ఎక్కడో ఎదురుగా అలలు విరుగుతున్న హోరు. ఎర్ర డబ్బా ఒక్కసారిగా మొహానికి తగిలేంత దగ్గర్లో కనపడింది. టైలరమ్మ గుంజ పట్టుకుని కిందికి చూసుకుంది. నీళ్లు ఆవిడ పిక్కల దాకానే ఉన్నాయి. ఎప్పుడైనా అక్కడ నిలబడితే తల మునగాలి.

ఆవిడ గుంజ వదిలేసింది. నా చెయ్యి నొక్కి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. ఆ పట్టులోనే తెలిసింది ఎంత భయపడిందో.

"నిజమేనమ్మా" అంది బండ దగ్గరికి రాగానే, పళ్లు టకటకలాడుతుంటే. "మోకాలి లోతు కూడా లేదు. మొగ లేదు."

అప్పుడిక ఎవరూ నవ్వలేదు. అందరూ అత్తయ్య వైపు తిరిగారు. అత్తయ్య బేసినుని పొట్టకి ఆనించుకుని నా మొహంలోకి చూసింది.

"ఇక్కడ లేదు, ఒప్పుకున్నా. అక్కడుందని నీకెలా తెలుసు?"

"నీళ్లు నల్లగా పారుతున్నాయి అత్తయ్యా."

"లోతు చూశావా?"

చూడలేదు. దూరం నుంచి చూశానంతే. అక్కడ అడుగున రాళ్లున్నాయో ఏమో నాకు తెలియదు. ఆ మాట చెప్తే ఆవిడ బండెక్కేస్తుంది. చెప్పకపోతే, నా మాట తప్పయితే, నాలుగు పడవల మనుషులు నా మూలంగా పోతారు. దూరంగా మంచులో ఇంజను చప్పుడు మొదలైంది. చాలా సన్నగా, డుబుడుబుమంటూ.

"వాడి మీద ఒట్టేసి చెప్పు" అంది అత్తయ్య. "నా కొడుకు మీద ఒట్టేసి చెప్పు, అక్కడ మొగ ఉందని."

"ఆయన మీద ఒట్టు" అన్నాను. "ఉంది."

అత్తయ్య బేసిను చంకన పెట్టుకుని ఐసు షెడ్డు వైపు దాదాపు పరుగే తీసింది, ఆ వయసులో. ఆవిడ వెనక అందరూ. షెడ్డు ముందు నీళ్లలోకి దిగే మెట్ల మీద వరసగా నిలబడి కొట్టడం మొదలుపెట్టాం. నా చేతిలో నూనె డబ్బా ఉంది. ఒక్కో దెబ్బకీ ఒక్కో దేవుణ్ని పిలిచాను, ఎవరి పేరు ముందొస్తే వాళ్లని. నేను చూసింది నిజమే కదా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నల్లగా పారింది నీళ్లేనా, మబ్బు నీడా? పొద్దున మబ్బుందా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అంతలో మొదటి పడవ ముక్కు మంచులోంచి బయటికి వచ్చింది.

అది సాఫీగా వచ్చింది. కింద రాయి తగల్లేదు, పక్కకి ఒరగలేదు, తిన్నగా వచ్చి మెట్లకి తగిలింది. అందులో ఉన్నవాళ్లు బిత్తరపోయి చూస్తున్నారు, ఇదెక్కడికి వచ్చాం రా అన్నట్టు. ఆ వెనకే రెండోది. టైలరమ్మ కొడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే మొగుణ్ని తిట్టింది. మూడోది కూడా వచ్చింది. అందరి మొహాల్లోకీ రక్తం తిరిగొచ్చింది.

మా ఆయన పడవ రాలేదు.

అందరం కొడుతూనే ఉన్నాం. కట్టుబాటు ప్రకారం ఎవరూ ఆపలేదు, టైలరమ్మ అయితే తడిసిన మొగుణ్ని పక్కన నిలబెట్టుకుని మరీ కొడుతోంది. అయితే ఎవరూ నా వైపు చూడట్లేదు. చూపులు తప్పిస్తున్నారని అర్థమైంది.

"వాడు మా వెనకే ఉన్నాడు పెద్దమ్మా" అన్నాడు టైలరమ్మ మొగుడు అత్తయ్యతో. "చప్పుడు తప్పు చోట వినపడుతోంది, మంచు మోసం చేస్తోంది, నా వెనక రండని అరిచాడు. మేం వినలేదు. డబ్బాల వైపే వచ్చేశాం."

మా ఆయన రకమే అంత. మిగతావాళ్లు చప్పుడు ఎక్కడుంటే అక్కడికి వస్తారు. ఈయనకి లెక్కలు. దీవి దాటాక ఎంతసేపు, ఏ దిక్కు, ఎప్పుడు తిరగాలి, అన్నీ బుర్రలో ఉంటాయి. మంచులో చప్పుడు పక్కకి జరిగి వినిపిస్తుందని మంచం మీద పడుకుని నాకే ఎన్నోసార్లు పాఠం చెప్పాడు. మొగ ఎక్కడుండాలో ఆయనకి తెలుసు. అది అక్కడ లేదని మాత్రం తెలియదు.

అప్పుడు ఇంజను వినపడింది. మా ఎదురుగా కాదు, ఎడమ వైపున, పాత బండకి ఎదురుగా. నెమ్మదిగా, నమ్మకంగా లోపలికి వస్తోంది.

"అటు కాదురా!" అని అత్తయ్య అరిచింది. మా అందరి గొంతులూ కలిపినా ఆ డబ్బాల మోతలో ఏం వినపడుతుంది? "గట్టిగా కొట్టండి! ఇంకా గట్టిగా!" అంది. అందరూ ఇంకా గట్టిగా కొట్టారు. నా చెవులు గింగుర్లెత్తాయి. ఇంజను ఇంకా అటే వెళ్తోంది.

టైలరమ్మతో నీళ్లలో నిలబడ్డప్పటి హోరు గుర్తొచ్చింది. మేట మీద అలలు విరుగుతున్న హోరు. అప్పుడది మా ఇద్దరికీ అంత స్పష్టంగా ఎందుకు వినపడింది? అప్పటికి ఒక్క డబ్బా కూడా మోగట్లేదు. ఆయనకి ఇప్పుడు ఎదురుగా అదే హోరు ఉంది. మా మోతలో వినపడట్లేదు.

"ఆపండి!" అని అరిచాను. "అందరూ ఆపండి! అలల చప్పుడు ఆయన్ని విననివ్వండి!"

టైలరమ్మ ముందు ఆపింది. తర్వాత ఒకరి వెనక ఒకరు ఆపారు. అత్తయ్య ఆపలేదు. రెండు గబగబా, ఒకటి ఆగి. రెండు గబగబా, ఒకటి ఆగి.

"అత్తయ్యా, ఆపండి."

"నోర్ముయ్."

"ఆయనకి మీ చెయ్యే వినిపిస్తుంది. మీరు కొడుతున్నంతసేపూ ఆయన ఇంకేదీ వినడు."

"ఆపితే నా కొడుకుని నేనే వదిలేసినట్టే!" ఆవిడ కళ్లలో నేనెప్పుడూ చూడని భయం. అరవై ఏళ్లుగా ఎవరి కోసమూ దించని చెయ్యి అది. "పోతాడే. ఆపానంటే పోతాడే వాడు."

నాకూ అదే భయం. ఆపాక ఆయన పోతే, జీవితమంతా ఈ మనిషి ఎదురుగా నేను కూర్చుని అన్నం తినాలి. అయినా ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. నేను లాగలేదు, పట్టుకున్నానంతే. సుత్తి గాల్లో ఆగింది. ఆవిడ నన్ను విదిలించి ఒక్క తోపు తోస్తే నేను మెట్ల కింద పడేదాన్ని. తొయ్యలేదు. వేళ్లు మెల్లగా వదులయ్యాయి. సుత్తి మెట్టు మీద పడి నీళ్లలోకి దొర్లింది.

ఊరు మొత్తం నిశ్శబ్దమైపోయింది. అంతమంది మనుషులున్నాం, ఒక్కరూ దగ్గలేదు. అప్పుడు అందరికీ వినపడింది, ఎడమ వైపున అలల హోరు, దాని ముందు ఇంజను. రెండూ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి.

ఇంజను ఆగిపోయింది.

అంతే. ఇక హోరు తప్ప ఏమీ లేదు. మునిగిందా, ఆపాడా? అత్తయ్య గోళ్లు నా మణికట్టులోకి దిగాయి. నేను ఆయన్ని తలుచుకోలేదు, ఏడవలేదు, చెవులతో ఆ మంచుని తవ్వుకుంటూ నిలబడ్డాను. ఒక పలక విరిగిన చప్పుడు వస్తుందని, ఒక కేక వస్తుందని, అది నేను విని తీరాలని. ఎంతసేపో తెలియదు.

దూరంగా ఒక దగ్గు. మళ్లీ దగ్గు. ఇంజను అందుకుంది. ఈసారి చప్పుడు హోరుకి దూరంగా జరిగింది. వెనక్కి తిరుగుతున్నాడు.

"ఇప్పుడు కొట్టండి అత్తయ్యా" అన్నాను. సుత్తి లేదు. బేసినుని మోకాలికి ఆనించుకుని పిడికిలితో కొట్టింది. రెండు గబగబా, ఒకటి ఆగి. మిగతావాళ్లెవరూ తమ డబ్బాలు ముట్టుకోలేదు. ఆ ఒక్క చప్పుడు మీదే పడవ మా ముందుకి వచ్చింది.

మా ఆయన దిగాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నన్ను చూడలేదు, మెట్లెక్కి తిన్నగా వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, ఆవిడ భుజాలు, తల, చేతులు తడిమి తడిమి చూశాడు. ఆవిడ పిడికిలి చిట్లి రక్తం వస్తోంది.

"ఏమైందే అమ్మా? పడిపోయావా?"

"నాకేమైందిరా?"

"నీ చెయ్యి ఆగిపోయింది." ఆ చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "నువ్వు బతికుండగా నీ చెయ్యి ఆగదు కదా. అమ్మ పోయిందనుకున్నా. ఇంజను ఆపేసి విన్నా, ఎవరైనా ఏడుస్తున్నారేమోనని. చూస్తే ఎదురుగా అలలు."

అక్కడే మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తయ్య ఏడవలేదు. ఆయన తడి జుట్టులో చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. జనం ఒక్కొక్కరే ఇళ్లకి కదిలారు. చాలాసేపటికి అత్తయ్య నా వైపు తిరిగింది.

"ఈసారి మంచు పడితే బేసిను నువ్వు పట్టుకో" అంది మెల్లగా. "ఎక్కడ కొట్టాలో అక్కడ కొట్టు. ఆపాల్సొస్తే నువ్వే ఆపు. నా చేత మాత్రం ఇంకోసారి ఆపించకు. నేను తట్టుకోలేను."

అలాగే అత్తయ్యా అన్నాను. నేనూ తట్టుకోలేనని ఆవిడకి చెప్పలేదు.